నాలుగో దిక్కుకు వెళ్లే కథలు

మన జానపద కథల్లో రాజుగారు కొడుక్కి ఒక మాట చెబుతాడు: మూడు దిక్కులకూ వేటకు వెళ్లు, నాలుగో దిక్కుకు మాత్రం వెళ్లకు. రాకుమారుడు వెళ్లేది అటేనని కథ వింటున్న పిల్లలందరికీ ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. వెళ్తాడు, రాక్షసుడితో తలపడతాడు, రాకుమారిని వెంటబెట్టుకుని తిరిగొస్తాడు. ఇలాంటి ఆంక్షే ఒక ఫ్రెంచి కథలోనూ ఉంది. 1697లో షార్ల్ పెరో అచ్చు వేయించిన 'బ్లూబియర్డ్'లో నీలిగడ్డం ఆసామి కొత్త పెళ్లాం చేతికి తాళాల గుత్తి ఇచ్చి, గదులన్నీ తెరువు, ఆ చిన్న గది మాత్రం తెరవకు అని చెప్పి ఊరెళ్తాడు. ఆమె తెరుస్తుంది. లోపల అంతకుముందు పెళ్లాడిన భార్యల శవాలు. తాళంచెవికి అంటిన నెత్తురు ఎంత తోమినా వదలదు.

మాట వినని రాకుమారుడికి రాకుమారి దక్కింది. మాట వినని పెళ్లికూతురి మెడ మీదికి కత్తి వచ్చింది. చివర్లో అన్నదమ్ములు గుర్రాల మీద వచ్చి కాపాడతారు, నిజమే. కానీ పెరో కథ చివర పెట్టిన మొదటి నీతిపద్యం ఆడవాళ్ల కుతూహలం ఎంత చేటో చెబుతుంది తప్ప, వరసగా భార్యల్ని చంపినవాడి ఊసే ఎత్తదు.

ఇది చదివి మీకు ఎక్కడో చురుక్కుమంటే, చీకటి కథల్ని ఇష్టంగా చదవడానికి కావలసిన ముఖ్యమైన సరుకు మీ దగ్గర ఇప్పటికే ఉంది. పాత కథలో మింగుడుపడని చోటు కనిపెట్టగలగడమే ఆ సరుకు. ఆ చోటునుంచే కొత్త రచయిత దారి మళ్లుతాడు. మళ్లిన మలుపు మనకు తెలిసిపోయినప్పుడు కలిగే ఆనందం ఉందే, దానికోసమే ఈ పుస్తకాలు చదవాలి. నెత్తురూ, తోడేళ్లూ, పాడుబడ్డ కోటలూ ఆ ఆనందానికి తోవ చూపించేవి మాత్రమే.

ఈ అధ్యాయంలో నేను ఒకే పుస్తకాన్ని దగ్గర పెట్టుకుని మాట్లాడతాను: ఏంజెలా కార్టర్ రాసిన 'ది బ్లడీ ఛాంబర్'. 1979లో వచ్చింది. ఇందులో పది కథలున్నాయి. కార్టర్ ఇంగ్లండులో 1940లో పుట్టి, యాభై ఒకటో ఏట, 1992లో క్యాన్సర్‌తో పోయింది. ఈ కథలు అచ్చుకావడానికి రెండేళ్ల ముందు ఆవిడ పెరో కథల్ని ఇంగ్లీషులోకి అనువదించింది. అంటే పాత కథల అతుకులు ఎక్కడున్నాయో వాక్యం వాక్యం పట్టి చూసిన మనిషి. తన కథల్ని పెద్దల కోసం తిరగరాసిన పిల్లల కథలంటే ఆవిడ ఒప్పుకునేది కాదు. పాత కథల లోపల దాగి ఉన్నదాన్నే బయటికి తీశానని చెప్పుకుంది. ఓల్గా 'విముక్త' చదివినవాళ్లకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. అందులో సీత, శూర్పణఖ ఎదురుపడి మాట్లాడుకుంటున్నప్పుడు మన గుండె ఎందుకు వేగంగా కొట్టుకుంటుంది? రామాయణం మనకు తెలుసు కాబట్టి.

ముందుగా ఇంట్లోవాళ్ల అభ్యంతరం. "మనసుకు హాయిగా ఉండేది ఏదైనా చదువుకోక, ఈ శవాల గోల ఎందుకమ్మా?" అని అడిగే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. వాళ్ల మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ మనం పెరిగిన కథలేమిటి? శ్మశానంలో చెట్టు మీది శవాన్ని దించి భుజాన వేసుకుని నడిచే రాజు కథ చదవడానికి ఎన్ని ఇళ్లల్లో పిల్లలు చందమామ పత్రిక కోసం కొట్లాడుకున్నారు! మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకుపోతే, ఆమె పసికొడుకు ఉయ్యాల్లో ఒంటరిగా మిగిలిపోయాడే అని కళ్లనీళ్లు పెట్టుకున్నాం. ఆ కథలు మనల్ని చెడగొట్టలేదు. గ్రిమ్ సోదరుల పుస్తకం 1812 నాటి మొదటి ముద్రణలో స్నోవైట్‌ను చంపించబోయినది కన్నతల్లే. తర్వాతి ముద్రణల్లో ఆమెను సవతితల్లిగా మార్చారు, కన్నతల్లి అలా చేసిందంటే చదివేవాళ్లు తట్టుకోలేరని. చీకటి అక్కడ మొదటినుంచీ ఉంది. మనకు చేరే వేళకి దానికి సున్నం కొట్టేశారు. కార్టర్ ఆ సున్నం గీకింది.

భయం గురించి నా అభిప్రాయం ఇది. రోజూ మనల్ని తినేసే భయాలకు ముఖం ఉండదు. పిల్ల ఇంకా ఇంటికి రాలేదు, ఒంట్లో ఏదో తేడాగా ఉంది, ఆఫీసులో ఏదో జరగబోతోంది. కథలో భయానికి ముఖం ఉంటుంది, పళ్లుంటాయి, పేరుంటుంది, ఆఖరి పేజీ కూడా ఉంటుంది. ఎదురుగా నిలబడి చూడగలిగిన భయం మనిషిని అంతగా అలసిపోనివ్వదు. పిల్లల విషయంలో ఇదే సంగతిని మనస్తత్వ శాస్త్రం వైపునుంచి బ్రూనో బెటెల్‌హైమ్ 1976లో ఒక పుస్తకంగా రాశాడు. ఆయన వాదనలన్నిటితో అందరూ ఏకీభవించలేదు గానీ, క్రూరమైన కథలు పిల్లల మనసులో ఏదో మంచి పని చేస్తాయన్న మాట మాత్రం నాకు సబబుగానే అనిపిస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. 'బ్లడీ ఛాంబర్' పిల్లల పుస్తకం కాదు. శృంగారం ఉంది, ఆడవాళ్ల మీద హింస ఉంది. పిల్లలకు అందే అరలో పెట్టకండి. 'ది స్నో చైల్డ్' అన్న కథ రెండు పేజీలు కూడా ఉండదు, కానీ పుస్తకం మొత్తంలో అంత కటువైనది మరొకటి లేదు. హింసను స్వయంగా అనుభవించినవాళ్లు దాన్ని దాటేసి ముందుకు వెళ్లొచ్చు. అది చదవనంత మాత్రాన మిగతా తొమ్మిదీ అర్థం కాకుండా పోవు. ఏ కథ దగ్గరైనా కడుపులో తిప్పినట్టయితే పుస్తకం మూసేయండి. ఇష్టంగా చదవడం నేర్చుకుంటున్నాం, పరీక్షకు కూర్చోలేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి

మొదటి పేజీనుంచి మొదలుపెట్టకండి. పుస్తకానికి పేరిచ్చిన మొదటి కథ నలభై పేజీల దాకా సాగుతుంది. కార్టర్ ఇంగ్లీషు జరీ అంచులా బరువుగా ఉంటుంది. అక్కడే అలసిపోయి పుస్తకాన్ని అరలో పెట్టేసినవాళ్లు చాలామంది ఉంటారు. 'ది వేర్‌వుల్ఫ్' తీయండి. రెండు మూడు పేజీలే. టీ తాగేలోపు అయిపోతుంది.

చదవడానికి ముందు ఒక పని చేయాలి. ఎర్ర టోపీ పిల్ల కథ మీకు గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాయండి, లేదా పక్కనున్నవాళ్లకి చెప్పండి. అమ్మ రొట్టెలిచ్చి అమ్మమ్మ దగ్గరికి పంపుతుంది, అడవిలో తోడేలు కలుస్తుంది, ముందుగా వెళ్లి అమ్మమ్మను మింగేస్తుంది, ఆవిడ మంచంలో పడుకుంటుంది. చివర్లో వేటగాడు వచ్చి కాపాడాడని మీరు రాస్తే అది గ్రిమ్ సోదరుల ముగింపు. పెరో కథలో ఎవరూ రారు. తోడేలు పిల్లను కూడా తినేస్తుంది, కథ అక్కడే ఆగిపోతుంది. ఈ కాగితం దగ్గరుంచుకుని కార్టర్ కథ మొదలుపెట్టండి.

అది చలిదేశం. జనం బీదవాళ్లు, దెయ్యాల్ని నమ్మేవాళ్లు. పక్కింటావిడ జున్ను బాగా కుదిరి తమది కుదరకపోతే ఆవిడను మంత్రగత్తె అనే మనుషులు. అమ్మ కూతురి చేతికి వంటకాల బుట్టతో పాటు నాన్న వేటకత్తి కూడా ఇచ్చి పంపుతుంది. మీ కాగితంలో కత్తి లేదు కదా, అక్కడ ఒక గీత గీయండి. అడవిలో తోడేలు మీద పడితే పిల్ల ఏడవదు. కత్తితో ఒక్క వేటు వేసి ముందరి పంజా నరికేస్తుంది. తోడేలు కుంటుకుంటూ పారిపోతుంది. పిల్ల కత్తిని తుడుచుకుని, ఆ పంజాను అమ్మ రొట్టెలు కట్టిచ్చిన గుడ్డలోనే చుట్టుకుని నడుస్తుంది.

అమ్మమ్మ ఇంట్లో మంచం మీద జ్వరంతో మూలుగుతూ ఉంటుంది. నుదుటి మీద తడిగుడ్డ వేద్దామని పిల్ల ఆ గుడ్డ విదిలిస్తుంది. కింద పడేది పంజా కాదు. మనిషి చెయ్యి. పని చేసి చేసి మోటుబారిన ముసలి చెయ్యి. ఉంగరపు వేలికి పెళ్లి ఉంగరం, చూపుడు వేలికి పులిపిరి. ఆ పులిపిరి చూసి పిల్ల గుర్తుపడుతుంది.

ఇక్కడ ఆగండి. పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆ చెయ్యి గురించి కాసేపు ఆలోచించండి. తోడేలే అమ్మమ్మ అన్న సంగతి ఎవరైనా రాయగలరు. ఆ చేతికి పెళ్లి ఉంగరం తొడిగి, పనిచేసి అరిగిన చర్మం ఇచ్చి, దాన్ని రొట్టెలు కట్టిన గుడ్డలోనుంచి జారవిడవడం కార్టర్ నేర్పు. భయం కోరల్లో లేదు, మనకు బాగా తెలిసిన చేతిలో ఉంది. ఇలాంటి ఒక్క వస్తువు దొరికితే ఆ రోజు చదువు సార్థకమైనట్టే.

తర్వాత పిల్ల కేకలు వేస్తుంది, ఇరుగుపొరుగు వస్తారు. పులిపిరిని చూడగానే మంత్రగత్తె గుర్తని తేల్చేస్తారు. ముసలామెను మంచులోకి తరిమి, రాళ్లతో కొట్టి చంపుతారు. ఆఖరున పిల్ల అమ్మమ్మ ఇంట్లోనే ఉండిపోతుంది, బాగా బతుకుతుంది.

మొదటిసారి చదివితే పిల్ల గెలిచిందనిపిస్తుంది. మర్నాడు మళ్లీ చదవండి. తోడేలును చూసినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా? జున్ను కుదిరిన పాపానికి మంత్రగత్తె అయిపోయే ఊళ్లో, ముసలామె పోతే ఇల్లు ఎవరికి దక్కింది? కార్టర్ ఏమీ చెప్పదు. బాణామతి చేసిందనీ చేతబడి చేసిందనీ అనుమానించి ఒంటరి ముసలివాళ్లను కొట్టిన వార్తలు చదివిన తెలుగు పాఠకుడికి ఈ ప్రశ్న యూరప్‌లోనే ఆగిపోదు. నాకైతే ఈ రెండోసారి చదవడమే అసలు చదవడం అనిపిస్తుంది.

భాష బరువు, ఫోనులో ఏడుపు

ఇంగ్లీషు మనకు రెండో భాష అయినప్పుడు ఒక్కో పదానికీ నిఘంటువు తీస్తూ పోతే కథ చేతిలోంచి జారిపోతుంది. పదాల్ని వదలండి, వస్తువుల్ని పట్టుకోండి. ఏ వస్తువు మళ్లీ మళ్లీ వస్తోందో పెన్సిలుతో చుక్క పెట్టుకుంటే చాలు. గులాబీలు, అద్దాలు, మంచు, తాళాలు. పదో పేజీకల్లా ఆ వస్తువులే కథ చెప్పడం మొదలుపెడతాయి. అర్థంకాని పేరా వస్తే గట్టిగా చదవండి. కార్టర్ రేడియోకి నాటకాలు రాసిన మనిషి. ఈ పుస్తకంలోని 'ది లేడీ ఆఫ్ ది హౌస్ ఆఫ్ లవ్' మొదట రేడియో నాటకమే. ఆ వాక్యాలు చెవికోసం పుట్టినవి. కళ్లకు చిక్కుముడిగా కనిపించిన వాక్యం పైకి చదివితే విడిపోతుంది.

'వేర్‌వుల్ఫ్'తో కలిపి ఈ పుస్తకంలో ఉన్న మూడు తోడేలు కథలతో తోవ పడ్డాక పుస్తకం పేరున్న పెద్ద కథకి వెళ్లండి. మనం ఈ అధ్యాయం మొదట్లో చెప్పుకున్న నీలిగడ్డం కథే అది. పదిహేడేళ్ల పియానో వాయించే అమ్మాయిని బాగా డబ్బున్న, మార్కీ హోదా గల ప్రభువు పెళ్లి చేసుకుని సముద్రం మధ్య కోటకు తీసుకుపోతాడు. పోటు వస్తే ఆ కోటకు దారి మునిగిపోతుంది. పెళ్లి కానుకగా మెడను పట్టి ఉండే కెంపుల కంటె ఇస్తాడు. ఫ్రెంచి విప్లవంలో గిలటిన్ తప్పించుకున్న కులీనులు తెగాల్సిన చోట ఎర్ర రిబ్బను కట్టుకునేవాళ్లట. అతని నాయనమ్మ దాన్నే కెంపులతో చేయించుకుంది. పెళ్లికూతురి మెడలో అది చూసినప్పుడే మీకు కథ అంతా తెలిసిపోతుంది. తెలిసినా పేజీ తిప్పుతారు.

భర్త పనిమీద వెళ్లిపోయిన రాత్రి అమ్మాయి పారిస్‌లో ఉన్న తల్లికి ఫోను చేస్తుంది. ఏమీ జరగలేదింకా. ఆ గది కూడా తెరవలేదు. తల్లి గొంతు వినగానే ఏడుపు ముంచుకొస్తుంది. ఏమైందంటే చెప్పడానికి ఏమీ దొరకక, బాత్రూంలో కుళాయిలు బంగారంతో చేసినవని చెబుతుంది. తల్లి ఇంకేం అడగదు. ఆ ఏడుపు విన్న మరుక్షణం బయల్దేరుతుంది. అన్నదమ్ములు రావలసిన చోట, ఈ కథలో నల్లబట్టల విధవ తల్లి గుర్రం మీద అలల్లోంచి వస్తుంది, చేతిలో చనిపోయిన భర్త రివాల్వర్ పట్టుకుని. ఆవిడ ఇండోచైనాలో పెరిగింది, కూతురి వయసు రాకముందే మనుషుల్ని తినే పులిని కాల్చింది.

కొత్తగా కాపురానికి వెళ్లిన కూతురు ఫోనులో 'బాగానే ఉన్నానమ్మా' అన్న తీరులోనే సంగతి పసిగట్టిన తల్లులు మన చుట్టూ ఉన్నారు. పసిగట్టి కూడా, సర్దుకుపో తల్లీ అన్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ ఘట్టం చదివేటప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది, ఎన్నిసార్లు చదివినా. పెరో చెప్పిన కుతూహలం నీతిని కార్టర్ వాదించి ఓడించలేదు. గుర్రం మీద ఒక అమ్మను పంపింది. నీలిగడ్డం పాత కథను కూడా ఒక కాగితం మీద రాసుకుని, 'అన్నదమ్ములు' అన్న మాట పక్కన 'అమ్మ' అని రాసి చూడండి. ఆ ఒక్క మార్పుతో కథ మొత్తం ఎటు తిరిగిందో మీకే తెలుస్తుంది.

రోజుకొకటి చాలు. వెబ్ సిరీస్ చూసినట్టు ఒక్క రాత్రిలో పదీ ముగిస్తే కోటలన్నీ ఒకే కోటగా, తోడేళ్లన్నీ ఒకే తోడేలుగా కలిసిపోతాయి. ఒక జంటను మాత్రం వరస రోజుల్లో చదవమంటాను: 'ది కోర్ట్‌షిప్ ఆఫ్ మిస్టర్ లయన్', 'ది టైగర్స్ బ్రైడ్'. రెండూ 'బ్యూటీ అండ్ ది బీస్ట్' కథే. మొదటిదాంట్లో ప్రేమ వల్ల మృగం మనిషవుతుంది, మనం ఎదురుచూసినట్టే. రెండోదాంట్లో తండ్రి పేకాటలో కూతుర్ని ఓడిపోతాడు. ధర్మరాజు జూదం గుర్తొచ్చే ఉంటుంది మీకు. అక్కడ చివర పులి ఆమె చర్మాన్ని నాకుతుంటే పొరలు పొరలుగా ఊడి, లోపలినుంచి మెరిసే బొచ్చు బయటపడుతుంది. ఒకే రచయిత్రి ఒకే కథకు రెండు ఎదురెదురు ముగింపులు పక్కపక్కనే పెట్టింది. ఏది సరైనదో తేల్చుకోవాలని ఆరాటపడకండి. ఆ రెంటి మధ్యా మీ మనసు ఎటు మొగ్గిందో గమనించండి.

బేతాళుడి పద్ధతి

ఈ కథలు ఒక్కరే చదవడం కంటే ఇద్దరు చదివితే రుచి పెరుగుతుంది. భర్త, చెల్లెలు, స్నేహితురాలు, ఎవరైనా సరే. పుస్తక చర్చ అనగానే మనవాళ్లు సందేశం ఏమిటని అడుగుతారు. ఆ ప్రశ్న వద్దు. చందమామ కథలో రాజు భుజాన ఉన్న శవంలోంచి బేతాళుడు అడిగే తీరులో అడగండి: ఇందులో తప్పెవరిది? ఎవరి త్యాగం గొప్పది? తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి వక్కలవుతుంది కాబట్టి చెప్పి తీరాలి. చెప్పగానే శవం మళ్లీ చెట్టెక్కుతుంది, మరో కథ మొదలవుతుంది. 'ది లేడీ ఆఫ్ ది హౌస్ ఆఫ్ లవ్' దీనికి చక్కగా సరిపోతుంది. రుమేనియాలో పాడుబడ్డ భవంతి, అందులో నెత్తురు తాగే రాణి, సైకిలు మీద సెలవులకు వచ్చిన బ్రిటిష్ యువ సైనికాధికారి. అతనికి ఆమెను చూసి భయం వేయదు, జాలి వేస్తుంది. బతికి బయటపడతాడు కూడా. కానీ అది మొదటి ప్రపంచయుద్ధానికి ముందు రోజులు. కథ ముగిసేసరికి అతని రెజిమెంటు ఫ్రాన్స్‌కి బయల్దేరుతోంది. ఇప్పుడు అడగండి ఒకరినొకరు: వీళ్లిద్దరిలో చావుకు దగ్గరగా ఉన్నదెవరు? మా ఇంట్లో ఈ ప్రశ్న మీద రాత్రి అన్నాలు ఆలస్యమయ్యాయి.

'ది కంపెనీ ఆఫ్ వుల్వ్స్' చదివాక నీల్ జోర్డన్ 1984లో తీసిన సినిమా చూడొచ్చు. స్క్రీన్‌ప్లేలో కార్టర్ చెయ్యి ఉంది. సినిమా ముందు చూస్తే కథ చదివేటప్పుడు ఆ బొమ్మలే కళ్లముందు ఆడతాయి. అందుకని చదవడమే ముందు.

పది కథలూ అయిపోయాక ఇంకో సంపుటం కొనేముందు ఒక సాయంత్రం మీకోసం కేటాయించుకోండి. ఈసారి కాగితం మీద బాలనాగమ్మ కథ రాయండి. ఫకీరు ఎత్తుకుపోవడం, ఆమె నోము వంక పెట్టి ఏళ్ల తరబడి అతన్ని దూరంగా ఉంచడం, కొడుకు బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై ఏడు సముద్రాల అవతల చిలకను పట్టి ఫకీరు ప్రాణం తీయడం. అంతా వచ్చాక ఎక్కడ మింగుడుపడలేదో చూడండి. నాకు ఆ నోము సంవత్సరాల దగ్గర గొంతు పట్టేస్తుంది. కథ ఆ ఏళ్లను ఒక్క మాటలో దాటేసి కొడుకు వెంట వెళ్లిపోతుంది. రోజూ పొద్దున్నే లేచి, అదే కోటలో, అదే మనిషి ముఖం చూస్తూ, కొత్త సాకులు వెతుక్కుంటూ ఆమె ఏం చేసి ఉంటుంది? ఫకీరు ప్రేయసి సంగు ఆమెను ఎలా చూసి ఉంటుంది? మీకు గొంతు పట్టిన చోటు ఇంకోటి కావచ్చు, అక్కడే మొదలుపెట్టండి. ఒకే ఒక్క మార్పు చేయండి, మిగతా కథను కదిలించకండి. రెండు పేజీలు చాలు, 'వేర్‌వుల్ఫ్' కూడా అంతే కదా. రాసింది మీ బేతాళుడికి చదివి వినిపించి, తప్పెవరిదో ఈసారి మీరు అడగండి.